ఆదోని పత్తి బజారు: తక్కెడ మారింది, పద్దు మారలేదు

కమీషను ఏజెంటు వుండాలా, పోవాలా అన్న వాదన మార్కెట్ యార్డుల్లో పదేపదే తలెత్తుతూనే వున్నది. 2016లో ఈ-నామ్ ప్రారంభమైనపుడు ఇదే మాట నలిగింది. 2020లో కేంద్రం మూడు వ్యవసాయ చట్టాలు తెచ్చినపుడు, 2021లో వాటిని రద్దు చేసినపుడు కూడా అదే చర్చ. దలాలును తీసేస్తే రైతుకు పూర్తి ధర దక్కుతుందని ఒక వర్గం వాదన. దలాలు లేకపోతే బజారే నడవదని మండీల వాదన. ఉభయ పక్షాలూ పాత రోజులను సాక్ష్యానికి పిలుస్తున్నాయి కాబట్టి, ఆ పాత రోజుల్లో అసలు లావాదేవీ ఎలా సాగిందో ఒకసారి పరిశీలించడం అవసరం. ఇందుకు ఆదోనిని మించిన వూరు లేదు.

1901 జనాభా లెక్కల ప్రకారం ఆదోని జనసంఖ్య 30,416. అప్పట్లో అది మద్రాసు రాజధానిలోని బళ్లారి జిల్లాకు చెందిన పట్టణం. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినపుడు గాని కర్నూలు జిల్లాలో కలవలేదు. కొండ మీద పాడుబడిన కోట, కొండ కింద తివాచీలు, పట్టు, నూలు బట్టలు నేసే ఇళ్లు, పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లులు, బేళ్లు కట్టే ప్రెస్సులు. మద్రాసు నుంచి రాయచూరు వెళ్లే రైలు మార్గం 1871లో పూర్తయి అటు బొంబాయి లైనుతో కలవడంతో, ఆదోని బజారు ముఖం మద్రాసు వైపు నుంచి బొంబాయి వైపు తిరిగింది. ఈనాటికీ ఈ వూరిని రెండో బొంబాయి అని పిలుచుకోవడంలో ఆ మలుపు జ్ఞాపకం వున్నది.

చుట్టూ నల్లరేగడి. పండేది జొన్న, కొర్ర, పత్తి. 1920ల నాటికి వేరుశనగ కూడా గట్టిగా ప్రవేశించింది. కాలువ నీరు లేదు. తుంగభద్ర డ్యామ్ పని పూర్తయినది 1953లో. వానను నమ్ముకున్న ఈ సీమలో 1876-78 కరువు చేసిన నష్టం ఒక తరం పాటు మరుపుకు రాలేదు. రైతు ఇంట్లో జొన్న నిల్వ ఎంత వున్నదన్నదే అతని పరపతికి కొలత. పత్తి మాత్రం నగదు పంట. కిస్తు కట్టాలన్నా, బట్ట కొనాలన్నా, పెళ్లి చేయాలన్నా పత్తే దిక్కు.

అమ్మేదీ కొనేదీ ఒక్క అంగట్లోనే

ఆనాటి వ్యాపారాన్ని పత్తి కొనుగోలుగా మాత్రమే చూస్తే లెక్క తప్పుతుంది. కౌతాళం నుంచో, కోసిగి నుంచో, ఆలూరు నుంచో బండి కట్టుకుని వచ్చిన రైతుకు పట్టణంలో రెండు పనులు. ఒకటి పత్తి దింపడం, రెండోది ఇంటికి కావలసినవి కొనడం. ఉప్పు, కిరసనాయిలు, అగ్గిపెట్టెలు, ఇనుప సామాను, నాగటి కర్రు, ఎద్దులకు తాళ్లు, ఆడవారికి చీరలు, పండగకు బెల్లం. మాంచెస్టరు బట్ట రైలెక్కి వచ్చిన తరువాత వూరి నేతగాడి పంచె పక్కన మిల్లు గుడ్డ కూడా అంగట్లో మడతలు పేర్చుకుని కూర్చున్నది. ఈ రెండు పనులూ తరచు ఒకే గుమ్మం ముందు జరిగేవి. పత్తి దింపుకున్న షావుకారే బట్టల ఖాతా వ్రాసేవాడు, లేదా తన బంధువు కొట్టుకు చీటీ ఇచ్చి పంపేవాడు.

రైతు చేతికి నగదు వచ్చేది తక్కువ. నిరుడు శ్రావణంలో తీసుకున్న విత్తనాల బాకీ, మధ్యలో తీసుకున్న జొన్నల బాకీ, ఎద్దు చచ్చినపుడు తెచ్చుకున్న రూకలు, అన్నీ చిట్టాలో వరసగా వుంటాయి. పత్తి విలువ ఆ వరస కింద జమ పడుతుంది. మిగిలితే బట్ట, మిగలకపోయినా బట్టే; కాకపోతే రెండోది వచ్చే యేటి పద్దులోకి పోతుంది. వర్తకుడి దృష్టిలో ఇది వాడుకదారును నిలుపుకునే పద్ధతి. రైతు దృష్టిలో కరువు వచ్చినపుడు తలుపు తట్టగలిగిన ఒకే ఒక్క ఇల్లు. ఇద్దరి మాటా నిజమే. చిక్కంతా, సరుకు ధర ఎంతో తేలక ముందే ఎవరికి అమ్మాలో తేలిపోవడంలో వున్నది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పకపోతే పట్టణ వర్తకుడికి అన్యాయం జరుగుతుంది. చిన్న రైతు చాలామటుకు ఆదోని దాకా వచ్చేవాడే కాడు. సొంత బండి, జత ఎద్దులు వున్న పెద్ద రైతు వూళ్లోనే అతని పత్తి తీసుకుని, తన పత్తితో కలిపి పట్టణానికి తోలేవాడు. గింజల అప్పు ఇచ్చేదీ అతడే, వసూలు చేసుకునేదీ అతడే. అందుచేత ఆదోని మండీలో రైతుగా నిలబడి బేరమాడిన మనిషి కొన్ని సందర్భాల్లో తానే ఒక వర్తకుడు. పట్టణంలోని దలాలు ఒక్కడే దోచాడని చెప్పే కథలో ఈ మొదటి అంకం ఎప్పుడూ ఎగిరిపోతుంది.

జిన్నింగు మిల్లుల వల్ల కూడా బేరం స్వరూపం మారింది. ఆనాటి నాటు పత్తిలో దూది సుమారు నాలుగో వంతు, మిగతాది గింజ. మునుపు వూళ్లలో ఆడవారు చేత్తో గింజ తీసేవారు. గింజ ఇంట్లోనే వుండి పశువులకు మేత అయ్యేది, మంచిది ఏరి విత్తనానికి దాచేవారు. మిల్లులు వచ్చాక గింజ పట్టణంలో మిగిలిపోయింది. పది వూళ్ల పత్తి కలిసిన గింజ కుప్ప నుంచే రైతు విత్తనం కొనుక్కుపోవలసి వచ్చింది. రకం చెడిపోవడానికి ఇది పెద్ద కారణం. బళ్లారి సమీపంలోని హగరిలో ప్రభుత్వం వ్యవసాయ క్షేత్రం పెట్టి మేలురకం పత్తి విత్తనాల మీద పని చేయించడానికీ, 1923లో పత్తి రవాణా చట్టం, 1925లో జిన్నింగు, ప్రెస్సింగు ఫ్యాక్టరీల చట్టం తేవడానికీ ఈ కల్తీయే నేపథ్యం. బళ్లారి సీమ పత్తికి 'వెస్టర్న్స్' అనీ, నంద్యాల వైపు పత్తికి 'నార్తర్న్స్' అనీ, గుంటూరు, కృష్ణా జిల్లాల ఎర్రఛాయ పత్తికి 'కొకనాడాస్' అనీ వాణిజ్యంలో పేర్లు. పేరుకు తగిన సరుకు బేలులో లేకపోతే బొంబాయిలో ధర కోసేవారు. ఆ కోత చివరకు రైతు మణుగు మీదకే దిగేది.

తూకం తిరకాసు

తూకాల విషయానికి వస్తే, నేటి కుర్ర గుమాస్తాలకు నమ్మశక్యం కాని వ్యవహారం. మద్రాసు రాజధానిలో 8 వీశెలు ఒక మణుగు, అంటే సుమారు 25 పౌన్లు, 11 కిలోల పైమాట. ఉత్తరాదిన బెంగాలు మణుగు 82 పౌన్ల పైన, అంటే 37 కిలోలు. పేరు ఒకటే, బరువు మూడింతలు. 20 మణుగుల మద్రాసు కాండీ 500 పౌన్లు; బొంబాయి పత్తి కాండీ 784 పౌన్లు. ఇప్పటికీ దూది ధర 356 కిలోల కాండీ లెక్కన పలుకుతున్నదంటే అది ఆ బొంబాయి కాండీయే. మెట్రిక్ తూకాలు దేశమంతటా వచ్చి అరవై యేళ్లు దాటినా దూది బజారు తన కాండీని వదలలేదు. అందరికీ ఒకే లెక్క తెలిసినంత వరకు అందులో తప్పు లేదు.

ఆనాడు మాత్రం అందరికీ ఒకే లెక్క తెలియదు. బొంబాయి తంతి చదవగలిగినవాడికి 784 పౌన్ల మీద ధర తెలుసు. బండి దగ్గర నిలబడ్డవాడికి మణుగుకు ఎన్ని రూపాయలన్నదే తెలుసు. ఒకటి మరొకటిగా మార్చాలంటే పౌను, వీశె, గింజ పాలు, దూది పాలు, మిల్లు కూలి, రైలు కిరాయి లెక్క కట్టాలి. ఆ లెక్కే వర్తకుడి అసలు విద్య, దానికి లాభం తీసుకోవడం న్యాయమే. అయితే లెక్కకు తోడు తరుగు కూడా తీసేవారు. మణుగుకు 40 సేర్లు. మణుగుకు ఒక సేరు తరుగు తీస్తే నూటికి రెండున్నర పోయినట్టు. దాని మీద దలాలీ, హమాలీ, కాటా కూలి, మచ్చు, గుడికో గోశాలకో ధర్మం. మచ్చు పేరిట గుప్పెడు పత్తి ఎంతమంది తీశారో బండివాడు లెక్కపెట్టలేడు. ధర్మం కోత రైతు ఖాతాలోంచి, గుడి గోడ మీద పేరు మాత్రం షావుకారుది.

ధర పలకడం కూడా బహిరంగం కాదు. దేశంలోని అనేక మార్కెట్లలో మాదిరిగా తువ్వాలు చాటున వేళ్లు పట్టుకుని బేరం తెంచడం ఆనాటి రివాజు. కొనేవాడికీ దలాలుకూ ధర తెలుస్తుంది. పక్క కొనుగోలుదారుకు తెలియకూడదన్నది ఉద్దేశ్యం. వాస్తవంలో సరుకు సొంతదారుకు కూడా తెలిసేది కాదు.

వీటన్నిటి కంటె బరువైన కోత పద్దులో ఎక్కడా కనిపించదు. ఉదాహరణకు విత్తే కాలంలో 100 రూపాయలు అప్పు ఇచ్చిన వర్తకుడు, ఆరు నెలల తరువాత రూపాయి విలువైన పత్తిని 14 అణాల లెక్కన జమ కట్టుకున్నాడనుకోవాలి. 100 రూపాయల బాకీ తీరాలంటే 114 రూపాయల పైచిలుకు విలువైన పత్తి పోవాలి. అంటే ఆరు నెలలకు 14 శాతం, ఏడాదికి 28 శాతం పైన. చిట్టాలో మాత్రం వడ్డీ నూటికి నెలకు రూపాయిన్నర అనే వుంటుంది. అదీ వేరుగా పడుతుంది. వడ్డీ ఎక్కువ తీసుకున్నాడని ఆ వర్తకుడిని ఎవరూ నిరూపించలేరు, ధర తక్కువ కట్టాడనీ నిరూపించలేరు. రెండు పద్దులు ఒక్కచోట కలిసినందువల్ల వచ్చిన సౌకర్యం ఇది.

పత్తి తీసే కాలం కూడా రైతుకు కలిసిరాలేదు. భాద్రపద, ఆశ్వయుజాల్లో విత్తిన పత్తి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య చేతికి వస్తుంది. రైత్వారీ కిస్తు పడే కాలమూ దాదాపు అదే. బండ్లన్నీ ఒక్కసారి బజారుకు వచ్చిన రోజున ధర ఎటు పోతుందో వర్తకులకు చెప్పనవసరం లేదు.

వర్తకుడి వైపు చూసినా ఆ రోజులు నల్లేరు మీద బండి నడక కాదు. రైతు వద్ద కొన్న పత్తి గింజ తీసి, బేలు కట్టి, బొంబాయి చేరేదాకా ధర భారం అతడిదే. 1914 ఆగస్టులో యుద్ధం రాగానే ఓడలు నిలిచి పత్తి ధరలు కుప్పకూలాయి. 1918లో ధాన్యం, బట్ట ధరలు మిన్నంటినపుడు మద్రాసు రాజధానిలో పలుచోట్ల అంగళ్లు లూటీ అయ్యాయి. 1929 తరువాత వచ్చిన ఆర్థిక మాంద్యంలో పత్తి ధర సగానికి సగం పడిపోయింది. రైతు బాకీ మాత్రం రూపాయల్లో అలాగే నిలిచింది, దాన్ని వసూలు చేసుకోలేక షావుకార్లు కూడా దెబ్బ తిన్నారు. బొంబాయిలో పత్తి వాయిదా వ్యాపారం అంతకు ముందు తరంలోనే వున్నా, అక్కడ మనిషి, తంతి ఖర్చు, పెట్టుబడి వున్న పెద్ద సంస్థలకే అది రక్షణ. ర్యాలీ బ్రదర్స్ వంటి ఎగుమతి కంపెనీ తట్టుకునే వొడుదుడుకు ఒక తాలూకా షావుకారు తట్టుకోలేడు. ఆ నష్టభయం ఖరీదును అతడు ఎక్కడ రాబట్టుకోవాలి? రాబట్టుకోగలిగిన చోట రాబట్టుకున్నాడు.

చట్టం వచ్చింది, సగం పనే చేసింది

1926లో నియమితమైన రాయల్ వ్యవసాయ కమిషన్ 1928లో నివేదిక ఇచ్చింది. బీరారులో 1897 నుంచి వున్న పత్తి మార్కెట్ చట్టాన్ని ఆదర్శంగా చూపి, అన్ని రాష్ట్రాల్లో నియంత్రిత మార్కెట్లు పెట్టాలని సిఫార్సు చేసింది. నిజాం రాజ్యంలో 1930లో వ్యవసాయ మార్కెట్ల చట్టం వచ్చింది. మద్రాసు ప్రభుత్వం 1933లో వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం చేసింది. దాని కింద రాజధానిలో మొదటి మార్కెట్ 1936లో తిరుప్పూరులో పత్తికి ఏర్పడింది. లైసెన్సు, బహిరంగ వేలం, పరీక్షించిన కాటా, కమిటీ నిర్ణయించిన రుసుములు తప్ప వేరే కోతలు కూడదన్న నిబంధన ఈ చట్టాలతో వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ 1966 మార్కెట్ చట్టానికి పునాది ఇదే.

వర్తకుల్లో ఒక భాగం దీన్ని మొదట తమ మీద దాడిగా భావించింది. అది తొందరపాటు. తువ్వాలు చాటు బేరం పోవడం వల్ల నిజాయితీగా కొనేవాడికే మేలు జరిగింది. తరుగు ఎక్కువ తీసి ధర ఎక్కువ పలికే పోటీదారు బెడద తగ్గింది. ఈనాడు ఎలక్ట్రానిక్ కాటా మీద అభ్యంతరం చెప్పే వర్తకుడు కనబడడు.

ఇక అప్పు సంగతి. 1904 సహకార పరపతి సంఘాల చట్టం షావుకారుకు ప్రత్యామ్నాయం తెస్తుందని అనుకున్నారు. 1938లో రాజాజీ మంత్రివర్గం వ్యవసాయదారుల ఋణ ఉపశమన చట్టం తెచ్చి పాత వడ్డీలను కోసింది. పాత బాకీదారుకు ఊరట కలిగిన మాట నిజం. అయితే కొత్త అప్పు పుట్టడం కష్టమైంది. 1951-52లో జరిగిన అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే అంకెలు 1954లో వెలువడేసరికి అసలు పరిస్థితి బయటపడింది: రైతులు తెచ్చుకున్న అప్పులో సహకార సంఘాల వాటా 3.1 శాతం, వాణిజ్య బ్యాంకులది 0.9 శాతం, వడ్డీ వ్యాపారులది దాదాపు 70 శాతం. వర్తకులు, కమీషను ఏజెంట్ల వాటా 5.5 శాతమేనని అదే సర్వే చెప్పింది. మండీ వర్గాలు ఈ చివరి అంకెను చూపి తమ మీద నింద అన్యాయమంటాయి. అది దేశం మొత్తం మీద సగటు. పత్తి, పొగాకు, మిరప వంటి నగదు పంటల సీమల్లో వడ్డీ వ్యాపారి, వర్తకుడు ఒకే గల్లాపెట్టె ముందు కూర్చునేవాడు. అతడిని ఏ గడిలో వ్రాశారన్నది సర్వే గుమాస్తా ఇష్టం.

1969లో బ్యాంకుల జాతీయకరణ తరువాత రైతు అప్పు స్వరూపం చాలా మారింది. అయినా కౌలురైతు నేటికీ బ్యాంకు గుమ్మం సులువుగా దాటలేకపోతున్నాడు. పట్టా అతని పేర లేదు, పంట అతనిది. జూన్‌లో విత్తనం, ఎరువు, మందు ఖాతా మీద ఇచ్చే కొట్టుకూ, పంట దింపుకునే మండీకీ బంధుత్వం వున్నంత కాలం, యార్డులో వేలం ఎంత బహిరంగంగా సాగినా అతని సరుకు ఎవరి షెడ్డులోకి పోవాలో ముందే నిశ్చయమై వుంటుంది. ఈ-నామ్ తెర మీద వేరే రాష్ట్రపు కొనుగోలుదారు రెండు వందలు ఎక్కువ పలికినా, అతనికి ఆ ధర వార్త మాత్రమే.

అందువల్ల దలాలును చట్టంతో తొలగించాలనేవారు ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి: ఆషాఢంలో ఆ రైతుకు పైకం ఎవరు ఇస్తారు? జవాబు లేకుండా దలాలును యార్డు నుంచి పంపిస్తే అతడు వూళ్లోకి వెళ్లి కూర్చుంటాడు. అక్కడ కాటా పరీక్షించే అధికారి కూడా వుండడు. పెద్ద రైతు బండి మీద పత్తి తోలిన 1900ల నాటి ఏర్పాటుకు అది తిరుగుదారి. 2020 చట్టాల మీద చర్చలో యార్డు వెలుపల స్వేచ్ఛ గురించి చాలా వినబడింది గాని, యార్డు వెలుపలి అప్పు గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

మండీ వర్గాలు కూడా ఒక నిజం ఒప్పుకోవాలి. కమీషను న్యాయమైన సేవకు కూలి. సరుకు దింపించడం, తరగతులు చేయించడం, కొనుగోలుదారును పిలవడం, మొండి బాకీ పూచీ పడడం, వీటికి రుసుము తీసుకుంటే ఎవరూ కాదనరు. అప్పు ఇచ్చినందుకు వడ్డీ తీసుకున్నా కాదనరు. రెండింటినీ కలిపి ఒకే తక్‌పట్టీలో చుట్టినపుడే సందేహానికి చోటు. తక్‌పట్టీలో తూకం, ధర, రుసుములు మాత్రమే వుండాలి. అప్పు, వడ్డీ, జమ వేరే ఖాతాలో, వేరే రసీదు మీద, రైతు సంతకంతో వుండాలి. సరుకు సొమ్ము మొత్తం ముందు రైతు బ్యాంకు ఖాతాలో పడి, బాకీ చెల్లింపు అక్కడి నుంచి జరగాలి. బాకీ తీర్చేందుకు పంట ఎవరికైనా అమ్ముకునే హక్కు అతనికి వుండాలి. దీనివల్ల కొందరు ఏజెంట్లకు వసూళ్లు ఆలస్యమవుతాయి, కొన్ని బాకీలు మునుగుతాయి కూడా. ఆ నష్టానికి వడ్డీ రేటులోనే బాహాటంగా లెక్క కట్టుకోవచ్చు.

మార్కెట్ కమిటీలు పూనుకుంటే చాలా భాగం బైలాల సవరణతోనే జరిగే పని ఇది. పత్తి రాబడి ముమ్మరం కాక ముందే ఏదైనా ఒక యార్డులో ఒక్క సీజను పాటు రెండు చీటీల పద్ధతి అమలు చేసి చూడవచ్చు. ఆదోని యార్డుకు పత్తితో పాటు వేరుశనగ, ఆముదాలు కూడా వస్తాయి కనుక మూడు సరుకుల మీదా ఫలితం అక్కడే తేలుతుంది. బాకీ వున్న రైతుల సరుకుకూ, బాకీ లేని రైతుల సరుకుకూ అదే రోజు, అదే తరగతిలో పలికిన ధరల మధ్య తేడా ఎంతో కమిటీ ప్రతి వారం బోర్డు మీద వ్రాయించాలి.